ఏడో అర్థం

"చల్లగా" అన్న మాట కార్డుల కట్ట విప్పి, తడిస్పాంజి మీద వేలు అద్దుకుంటూ, కార్డులక్క అప్పటికి నూట పన్నెండు కార్డులు తిరగేసింది. ఒక్కో కార్డు అరచేతి వెడల్పు. పైన ఎడమ మూల ఎర్రసిరాతో మాట, మధ్యలో నల్లసిరాతో ఆ మాట వాడిన వాక్యం, అడుగున అది ఏ పుస్తకంలో ఏ పేజీలో దొరికిందో చీమతలకాయంత అక్షరాల్లో. నూటికి తొంభై కార్డులు ఆమె చేతిరాతే. ఎర్రసిరా గులాబిరంగుకి తిరిగినవి ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసినవి.

ఆ నిఘంటువు ఆఫీసులో ఆమెకి అసలు పేరు ఒకటి ఉందని జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. పుస్తకాలు చదివి మాట కింద గీత గీసేది వేరేవాళ్ళు. అర్థం రాసేది సంపాదకుడు. మధ్యలో ఆ వాక్యాన్ని కార్డు మీదికి ఎక్కించి, అక్షర క్రమంలో సొరుగులో సర్దేది ఆమె. "నేను వంటమనిషిని కాను, కూరలు తరిగే మనిషిని" అని తనే చెప్పుకుని నవ్వుతుంది. ముప్ఫై మూడేళ్ళుగా తరుగుతూనే ఉంది. ఈ ముప్ఫై మూడేళ్ళలో నిఘంటువు "అ" దగ్గర బయల్దేరి "చ" దాకా వచ్చింది. ఈ నడకన అది "హ" చేరేటప్పటికి ఆఫీసులో ఎవరుంటారో తలుచుకోవడం ఎవరికీ ఇష్టం లేదు కాబట్టి ఎవరూ తలుచుకోరు.

గది నాలుగు గోడలకీ కప్పుదాకా చెక్క సొరుగులు. వాన పడితే చెక్క ఉబ్బి సొరుగులు మొరాయిస్తాయి. అందుకని కార్డులక్క బల్ల మీద ఎప్పుడూ ఒక కొవ్వొత్తి ముక్క ఉంటుంది, సొరుగు పట్టాలకి రుద్దడానికి. కిటికీకి ఒక అద్దం పగిలితే అక్కడ అట్టముక్క పెట్టి ఆరేళ్ళయింది. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఆ అట్ట చప్పట్లు కొడుతుంది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి "చ" సంపుటం అచ్చుకి వెళ్ళాలి. మిగిలింది ఈ ఒక్క మాటే. సంపాదకుడు దానికి ఆరు అర్థాలు రాసిపెట్టాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయంటే వేడి లేదని. పదికాలాలపాటు చల్లగా ఉండమంటే క్షేమంగా ఉండమని. కోపం దిగాక చల్లగా మాట్లాడిందంటే నెమ్మదిగా అని. పని చెప్పేసరికి చల్లగా జారుకున్నాడంటే సడీచప్పుడూ లేకుండా మాయమయ్యాడని. ఈ అర్థానికి పుస్తకాలు వెతకక్కర్లేదనీ, అటెండరు హాజరుపట్టీ చాలనీ ఆఫీసులో హాస్యం. అందరూ చేరాక చల్లగా వచ్చాడంటే తీరిగ్గా అని. కొంప మునిగాక ఆ కబురు చల్లగా చెప్పాడంటే చీమ కుట్టినట్టయినా లేకుండా అని. ఆరుకి ఆరూ అచ్చులో దొరికినవే.

ఏడోది కట్ట అడుగున ఉంది. దానికి రెండే కార్డులు. అక్కడికి వచ్చేసరికి కార్డులక్క వేలు ఆగిపోయింది.

ఆ ఏడో అర్థం ఆమె తల్లిది.

తల్లి వీధిమొగలో ఇస్త్రీ బడ్డీ నడిపేది. బొగ్గుల పెట్టె. పొద్దున్న రాజేస్తే సాయంత్రం దాకా ఆరనిచ్చేది కాదు. ఆ వేడికి ఆమె అరచేతులు ఎప్పుడూ కాగుతూ ఉండేవి. చిన్నప్పుడు నుదుటి మీద ఆ చెయ్యి పడితే తనకి జ్వరం వచ్చిందో అమ్మకి వచ్చిందో కూతురికి తెలిసేది కాదు. ఆఖరి బట్ట మడత పెట్టాక తల్లి బొగ్గులు దులిపి, పెట్టెని దాని మడమ మీద, అంటే వెనకంచు మీద, నిలబెట్టి, పక్కన నిలుచునేది. కూర్చునేది కాదు, మంచినీళ్ళయినా తాగేది కాదు. కాసేపయ్యాక చేతి వెనకవైపుతో పెట్టె అడుగు తాకి చూసేది. చురుక్కుమనకపోతే పది వేళ్ళూ విప్పి విదిలించి, "అమ్మయ్య, చల్లగా అయిందే" అనేది. అంటే పని మొత్తం అయిపోయిందని. ఎవరి బట్టా బాకీ లేదని, ఎవరితోనూ మాట పడక్కర్లేదని, ఇక కాళ్ళు చాపుకోవచ్చని. పోనుపోను ఆ ఇంట్లో ఏది ముగిసినా చల్లగానే అయ్యేది. పరీక్షలు చల్లగా అయ్యేవి. జ్వరం చల్లగా అయ్యేది. పక్కింటివాళ్ళతో తగాదా కూడా, ఆర్నెల్లకైనా, చల్లగా అయ్యేది.

లోకమంతా అలాగే అంటుందని కూతురు ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా నమ్మింది.

ఆమె ఈ ఆఫీసుకి రావడం కూడా ఇస్త్రీ బట్టల దారినే. అప్పటి సంపాదకుడు, అందరూ పెద్దాయన అనేవారు, చొక్కా జేబుల నిండా కాగితం చీటీలతో బట్టలు పంపేవాడు. రోడ్డు మీద విన్న మాటలు రాసుకున్న చీటీలు. తల్లికి చదువు రాదు గానీ కాగితం అంటే భయమూ భక్తీ. ప్రతి చీటీ తీసి, వంకరపోతే దాన్ని కూడా ఓ మాటు ఇస్త్రీ చేసి, చొక్కా మడతలో పెట్టి కూతురి చేత పంపేది. నిఘంటువు చరిత్రలో ఇస్త్రీ చేసిన మాటలు అవే అయ్యుంటాయి. ఎవరి మూటో తెలియడానికి కూతురు గుడ్డపీలికల మీద ఇంటి గుర్తులు రాసి కట్టేది. ఆ పీలిక మీద అక్షరాలు చూసి పెద్దాయన, "ఈ రాత ఎవరిదమ్మా?" అని అడిగాడు. మర్నాటినించీ ఆమె కార్డులు రాస్తోంది.

మొదటి రోజు మొదటి డబ్బా పూర్తిచేసి, చేతులు విదిలించి, "చల్లగా అయిందండీ" అంది. పెద్దాయన లేచి వెళ్ళి కిటికీ మూసి వచ్చాడు. ఫ్యాను కూడా ఆపించాడు. కాసేపటికి చెమటలు కారుతున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంగతి తెలిశాక ఆయన పగలబడి నవ్వి, అక్కడికక్కడే ఎర్రసిరా తెప్పించి ఆ మాటకి తన చేత్తో ఒక కార్డు రాశాడు. "బట్టలన్నీ అయ్యాయి, చల్లగా అయింది." చెప్పినవారు: ఇస్త్రీ పనిచేసే స్త్రీ.

"ఇంకొక్క కార్డు కావాలమ్మా," అన్నాడు. "అచ్చులో లేని మాటయితే రెండు వేరు వేరు ఇళ్ళవాళ్ళ నోట వినాలి. ఒకే ఇంట్లో పదిమంది అన్నా ఒక్కరి కిందే లెక్క. నువ్వూ మీ అమ్మా కలిసి ఒక్కరే."

ఆ రెండో మనిషి కోసం ఆమె ఊరంతా కాలికి బలపం కట్టుకుని తిరిగింది. దేశంలో ఎన్ని ఇస్త్రీ బడ్డీలున్నాయో, కమ్మరి కొలుములున్నాయో, రొట్టెల బట్టీలున్నాయో, సాయంకాలం పని కట్టేసే వేళకి వాటి ముందు ఏదో కొనే వంక పెట్టి నిలబడి చెవులు రిక్కించింది. "అయిపోయింది" అన్నవాళ్ళున్నారు, "హమ్మయ్య" అన్నవాళ్ళున్నారు, వినకూడని మాటలన్నవాళ్ళూ ఉన్నారు. చల్లగా అయిందన్న నాథుడు లేడు. పెద్దాయన పోయాడు. ఆయన కుర్చీలోకి ఇప్పటి సంపాదకుడు వచ్చాడు. ఆమె కంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, ఆమెని అక్కా అంటాడు.

ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, తల్లి జారిపడి మంచాన ఉన్న రోజుల్లో, కార్డులక్క రెండో కార్డు రాసేసింది. చెప్పినవారు: బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే మనిషి.

అలాంటి మనిషి లేడు.

అమ్మా తనూ పోతే ఆ మాట అనేవాళ్ళు భూమ్మీద ఉండరన్న దిగులుతో రాసిన కార్డు అది. ఈ సంపుటంలో పడకపోతే మళ్ళీ తిరగరాసేది ఎప్పటికో. పడితే మాత్రం అమ్మ బతికుండగా, అచ్చులో, ఆమె చేతిలో పెట్టొచ్చు. అంతకంటే ఆమెకి కావలసింది ఏమీ లేదు. తల్లికి మాత్రం ఇదంతా చాదస్తంగా ఉండేది. ఎనభై నాలుగేళ్ళు వచ్చి, చెయ్యి పైకి లేవక, ఇప్పుడు రోజుకొక్క చేతిరుమాలు కరెంటు పెట్టెతో ఇస్త్రీ చేస్తుంది. కూతురు ఆఫీసుకి తీసుకెళ్ళే రుమాలు. అది ఇంకెవరు చేసినా ఒప్పుకోదు. ఆ పొద్దున్న కూడా రుమాలు చేతికిస్తూ, "పుస్తకంలో పడకపోతే ఆ మాట మన నోట్లోంచి రానంటుందా ఏంటే?" అంది.

"అక్కా, ఆ కట్ట అయిందా?"

సంపాదకుడు వచ్చి ఎదురు కుర్చీ లాక్కున్నాడు. ఏడో అర్థం కార్డులు రెండూ తీసి కళ్ళజోడు పైకి నెట్టి చదివాడు. మొహం విప్పారింది.

"భలే ఉందక్కా ఇది. పెద్దాయన రాతే కదా? ఈ చెప్పులాయన మాట మాత్రం మరీ పొట్టిగా ఉంది. బస్టాండు పక్కనే కదా, ఒకసారి వెళ్ళి మాట్లాడించి ఇంకో వాక్యం రాసుకొద్దామా? గంటలో వచ్చేస్తాం."

ఆయన లేవబోయాడు. కార్డులక్క లేవలేదు.

"ఆ చెప్పులాయన లేడు సార్."

"అయ్యో. పోయాడా?"

"పోలేదు సార్. అసలు పుట్టలేదు."

కిటికీ అట్ట రెండుసార్లు చప్పట్లు కొట్టింది. సంపాదకుడు మళ్ళీ కూర్చున్నాడు.

"ఆ కార్డు నేనే పుట్టించాను," అంది ఆమె. "ఆరేళ్ళయింది. ఇదొక్కటే. ఇంకే సొరుగులోనూ లేవు. మీరు వెతికించుకోండి, నేనేమీ అనుకోను."

ఈ గదిలో చాలా తప్పులు జరిగాయి. చినిగిన పేజీలు, తారుమారైన సొరుగులు, టీ ఒలికిన "గ" అక్షరం. లేని మనిషి చేత మాట్లాడించడం మాత్రం ఎప్పుడూ జరగలేదు. అదీ కార్డులక్క చేత.

"వెతకనక్కర్లేదక్కా," అన్నాడు కార్డు తిరిగి ఆమె ముందు పెడుతూ. "చెప్పారు కదా."

ఆ ఆఫీసులో తప్పు కార్డుని చింపరు. నీలిసిరాతో అడ్డంగా గీత గీసి రద్దు డబ్బాలో వేస్తారు. ఆమె స్కేలు పెట్టి గీత గీసింది. ముప్ఫై మూడేళ్ళలో ఆ డబ్బాలో ఆమె చేతిరాత పడటం అదే మొదలు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా ఆరేళ్ళుగా చెప్పులో ఉన్న రాయి తీసి పారేసినట్టు కూడా ఉంది. పొద్దున్న అమ్మ ఇచ్చిన రుమాలు తీసి మొహం తుడుచుకుని, ఎప్పటిలాగే నాలుగు మడతలూ చెదరకుండా మళ్ళీ పెట్టుకుంది.

సంపాదకుడు ఆరు అర్థాలతోనే సరిపెట్టి, ఆరోదాని కింద ముగింపు గీత కొట్టాడు.

మూడున్నరకి అచ్చు ఆఫీసు మనిషి వచ్చి వరండాలో కూర్చున్నాడు. అటెండరు, ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్న బొద్దుమనిషి, ఎనిమిది వందల చిల్లర కాగితాలు బల్ల మీద దరువేసి సరిచేశాడు. పైనా కిందా అట్టలు పెట్టాడు. పురికొస అడ్డంగా నిలువుగా తిప్పి, మోకాలు ఆనించి బిగించి, ముడేసి, కొస కత్తిరించాడు. తర్వాత పది వేళ్ళూ విప్పి విదిలించాడు.

"అమ్మయ్య. చల్లగా అయిందండీ."

కార్డులక్క బయటికి వెళ్ళే కాగితాల పుస్తకంలో తేదీ వేస్తూ తల ఎత్తకుండానే, "మంచిది," అంది.

సంపాదకుడు మాత్రం కలం మూత నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏమన్నావ్?"

"నేనేం అన్లేదండీ," అన్నాడు అటెండరు కంగారుగా.

"అన్నావు. ఇప్పుడే. ఆ మాట ఎక్కడిది నీకు?"

"ఎక్కడిదేంటండీ, అందరూ అనేదే కదా. పనైపోతే చల్లగా అయిందంటారు. మా ఆవిడ గిన్నెలు బోర్లించాక రోజూ అదే అంటుంది. మా అక్కావాళ్ళింట్లో కూడా అంతే. మొన్న వాళ్ళమ్మాయి పెళ్ళి మాటలు కుదిరాక ఫోన్ చేసి, తమ్ముడూ చల్లగా అయిందిరా అని ఒకటే ఏడుపు."

సంపాదకుడు కార్డులక్క వైపు తిరిగాడు. ఆమె కలం పుస్తకం మీద ఆగిపోయి, తేదీ పక్కన సిరా మచ్చ వెడల్పవుతోంది.

"అక్కా," అన్నాడు ఆయన, "నిన్న రాత్రి మా చిన్నది హోంవర్కు మూసి ఇదే మాట అంది నాతో. నేను హాయిగా విని ఊరుకున్నాను. నేనూ ఇంట్లో అంటున్నానన్నమాట."

ముప్ఫై మూడేళ్ళు ఊళ్ళన్నీ గాలించిన మనిషికి పక్క బల్ల దగ్గరి మాట వినపడలేదు. వినపడకేం, రోజూ వినపడింది. పుట్టినప్పటినుంచి విన్న మాట కాబట్టి అందులో వింతేమీ తోచలేదు, అంతే. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు తిరిగాయి. అయినా ఆమె కార్డులక్క కదా, అభ్యంతరం కూడా ఆమే చెప్పింది.

"వీళ్ళంతా నా దగ్గర పట్టుకున్నదే కదా సార్. లెక్కలోకి వస్తుందా?"

"మీరు మీ అమ్మగారి దగ్గర పట్టుకోలేదా? నేను మాట్లాడే మాటల్లో నేను పుట్టించుకున్నది ఒక్కటి చూపించండి." ఆయన కత్తెర తీసుకుని అప్పుడే బిగించిన పురికొస టక్కున కత్తిరించాడు. జారబోయిన కాగితాల్ని అటెండరు రెండు చేతులా పట్టుకున్నాడు. "రెండిళ్ళన్నాడు పెద్దాయన. మనకి మూడిళ్ళు దొరికాయి. కార్డు రాయండక్కా."

ఆమె ఎర్రసిరా కలం తీసింది. చెప్పినవారు: అటెండరు. విన్న చోటు: ఈ గది. "గ" కొంచెం వంకరపోయింది గానీ మళ్ళీ రాయలేదు. సంపాదకుడు ఏడో అంకె వేసి రాశాడు. "పని అంతా ముగిసి, మనసుకూ చేతులకూ తెరిపిగా. ఇస్త్రీ పనివారి వాడుక, ఇప్పుడు ఇతరులలోనూ." కింద ఉదాహరణగా తల్లి వాక్యం, పెద్దాయన రాసుకున్నట్టే. వరండాలోంచి అచ్చు ఆఫీసు మనిషి, "ఇంకెంతసేపండీ?" అని అరిచాడు. అటెండరు రెండో పురికొస తెచ్చి, ఈసారి ముడి వేశాక నోరు మెదపకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అనవయ్యా, ఫరవాలేదు," అన్నాడు సంపాదకుడు.

కార్డులక్క ఒక తెల్ల కార్డు మీద ఏడో అర్థం కాపీ రాసుకుని, రుమాలు మడతలో పెట్టుకుని ఇంటికి నడిచింది. వీధిమొగలో ఇస్త్రీ బడ్డీ ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. కింద సిమెంటు పలక మాత్రం అదే. బొగ్గులు దులిపిన చోట నల్లమచ్చ ఇంకా పోలేదు. ఆ రోజు ఆమె ఆ మచ్చని పలకరింపుగా చూసి మరీ దాటింది.

తల్లి కిటికీ పక్కన బల్ల ముందు ముక్కాలిపీట మీద ఉంది. సాయంత్రపు ఎండ బల్ల మీద సగందాకా వచ్చింది. రేపటి రుమాలు ఇస్త్రీ అయి, నాలుగు మడతలతో ముందు ఉంది. పెట్టె ప్లగ్గు తీసి, మడమ మీద నిలబెట్టి, అది ఆరేదాకా చూస్తూ కూర్చుంది. నిలబడే ఓపిక లేదు కాబట్టి ఈ మధ్య అంతవరకూ రాజీపడింది.

"అమ్మా, పడింది."

"ఏం పడిందే? దెబ్బ తగిలిందా?"

"నీ మాట. పుస్తకంలో."

కార్డు తీసి చదివింది. తల్లి వింటూ వింటూ నోరు కొంచెం తెరిచింది.

"నా పేరేశారా?"

"పేర్లు వెయ్యరమ్మా. ఇస్త్రీ పనివారి వాడుక అని వేశారు."

"అదే మేలు. పేరేస్తే ఆ మూడో వీధి ఇస్త్రీదాని కడుపు రగిలిపోయేది. ఇప్పుడు తనదే అనుకుని అదీ సంతోషిస్తుంది." పళ్ళు లేని నోటితో కాసేపు నవ్వుకుంది. "మళ్ళీ చదువు."

కూతురు మళ్ళీ చదివింది.

"తెరిపిగా," అంది తల్లి. "బాగా రాశాడు. ఆ అబ్బాయి ఎప్పుడైనా ఇస్త్రీ చేశాడా?"

"చొక్కా బొత్తాములే సరిగ్గా పెట్టుకోడమ్మా."

"అయినా బాగా రాశాడు. ఆ కార్డు ఇలా ఇవ్వు." చదవడం రాని కార్డుని తల్లి రెండుచేతుల్తో పట్టుకుని, ఎర్ర అక్షరాల మీద బొటనవేలు పెట్టి రాసింది, ముడత ఉంటే పోతుందన్నట్టు. తర్వాత దాన్ని రుమాలు కింద జాగ్రత్తగా దోపింది. "పోనీలే. చల్లగా అయిందే అమ్మడూ."

పెట్టెని తాకి చూడకుండా తల్లి ఆ మాట అనడం కూతురు ఎన్నడూ వినలేదు. అప్పుడది పట్టించుకోలేదు. "టీ పెడతాను, ఉండు," అని వంటింట్లోకి వెళ్ళింది.

పాలు పొంగేలోపు గోడ ఇవతలినుంచి అంతా చెప్పుకొచ్చింది. పుట్టని చెప్పులాయన సంగతి, అటెండరు వాళ్ళక్క ఏడుపు, కత్తిరించిన పురికొస. చెప్పులాయన దగ్గర తల్లి ఫక్కున నవ్వడం వినిపించింది. పురికొస దగ్గర "ఊఁ" అంది. ఆ తర్వాత ఊఁ కొట్టడం ఎక్కడ ఆగిందో కూతురికి తెలియదు. చెప్పే ఉత్సాహంలో ఆమె ఆగలేదు.

రెండు కప్పులతో వచ్చేసరికి తల్లి గోడకి తల ఆనించి ఉంది. గడ్డం కొంచెం కిందికి దిగింది. కుడి అరచెయ్యి రుమాలు మీద వేళ్ళు విప్పుకుని పరుచుకుని ఉంది. నిద్రపోయిందనుకుని కూతురు కప్పులు చప్పుడు కాకుండా పెట్టింది. "అమ్మా" అంది. భుజం తట్టింది. ఇంకోసారి "అమ్మా" అంది.

తర్వాత ఆమె పిలవలేదు. పక్కన నేలమీద కూర్చుని, ఆ చెయ్యి తీసుకుని తన నుదుటి మీద పెట్టుకుంది. దుఃఖం వచ్చింది. అయినా దానికింద ఎక్కడో ఏ వెలితీ లేదు. అమ్మ విన్నది. రెండుసార్లు విన్నది. నవ్వింది కూడా. ఆ చెయ్యి ఎప్పటిలాగే కాస్త వేడిగానే ఉంది. ఆ వేడి తగ్గడం మొదలయ్యేదాకా వదలకూడదనుకుంది, వదల్లేదు.

ఎండ బల్ల మీదనుంచి జారి గోడెక్కింది. కప్పుల మీద మీగడ కట్టింది. అప్పుడు లేచి, తల్లి చేసినట్టే చేతి వెనకవైపుతో తాకి చూసింది. రేపటి రుమాలు పక్కన, మడమ మీద నిలబెట్టిన ఇస్త్రీపెట్టె ఇంకా గోరువెచ్చగానే ఉంది.